లినక్స్‌లో నెస్టింగ్: షీటులో ముక్కలు సర్దే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం నుంచి కటింగ్ దాకా

ఎనిమిదికి నాలుగు ప్లైవుడ్ షీటు అంటే 2440 × 1220 ఎంఎం. రవాణాలో అంచులు దెబ్బతిని ఉంటాయని నాలుగు వైపులా పదేసి ఎంఎం కోసి పారేస్తే మిగిలేది 2420 × 1200. వార్డ్‌రోబ్‌కు 600 ఎంఎం లోతు పలకలు వెడల్పులో రెండు వస్తాయనిపిస్తుంది, రెండు ఆరువందలు పన్నెండు వందలే కదా. రావు. రెండు పలకల మధ్య రంపం తినే 3 ఎంఎం కలిపితే 1203 కావాలి. పలకను 598కి తగ్గిస్తే 1199తో సరిపోతుంది. ఆ లోతు రెండు ఎంఎం తగ్గితే వార్డ్‌రోబ్‌కు ఏమీ కాదు, తగ్గించకపోతే మాత్రం ప్రతి షీటులో సగం మిగిలిపోతుంది.

ఇలాంటి లెక్కను పదుల కొద్దీ ముక్కలకు తప్పు లేకుండా చేసిపెట్టేదే నెస్టింగ్ సాఫ్ట్‌వేర్. డ్రాయింగ్ నుంచి మిషన్ దాకా అన్నీ ఒక్కటే చేసే ఉచిత ప్యాకేజీ కోసం లినక్స్‌లో వెతికితే రోజులు వృథా అవుతాయి. పని ఏ రకమో ముందు తేల్చుకుంటే, ఆ రకానికి తగిన పరికరం ఉచితంగానే దొరుకుతుంది. కర్నూలు, అనంతపురం, కడపల్లోని ఫర్నిచర్ షాపులకూ లేజర్, ప్లాస్మా కటింగ్ యూనిట్లకూ పనికొచ్చేలా ఆ దారి ఇక్కడ ఇస్తున్నాం.

ముందు తేల్చుకోవాల్సింది: కోసేది రంపమా, కాదా

ప్యానెల్ రంపం ఈ అంచున మొదలైతే ఆ అంచు దాకా పోవాల్సిందే. షీటు మధ్యలో ఆగి మలుపు తిరగదు. బండలు, గ్రానైటు కోసే బ్రిడ్జి రంపమూ అంతే. కాబట్టి ఈ పనికి ముక్కల అమరిక మొత్తం అడ్డంగా, నిలువుగా అంచు నుంచి అంచుకు పోయే కోతలతోనే విడిపోవాలి. దీన్ని గిలటిన్ అమరిక అంటారు. లేజర్, ప్లాస్మా, కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ రౌటర్ అలా కాదు, ఎటు కావాలంటే అటు తిరుగుతాయి, వంకర ముక్కలను ఒకదాని గుంటలో ఇంకొకటి దూర్చి కోయగలవు.

ఈ రెండింటికీ సాఫ్ట్‌వేర్ వేరు. అందరూ చేసే మొదటి తప్పు వంకర ముక్కలు సర్దే డీప్‌నెస్ట్ పేరు విని కప్‌బోర్డు పలకలు కూడా అందులో వేయడం. అది ఇచ్చే అమరిక తెర మీద ఎంతో ఇమిడికగా కనిపిస్తుంది. రంపం దగ్గరికి తీసుకెళ్లాక, మొదటి కోతే రెండు పలకల నడుమ నుంచి పోతుందని తెలుస్తుంది.

మూడో రకం బట్ట, తోలు లాంటి రోల్ సరుకు. వెడల్పు మారదు, పొడవు ఎంత తక్కువైతే అంత లాభం. దాని సంగతి చివర్లో చూద్దాం.

దీర్ఘచతురస్రాల పని: జాబితా నుంచి అమరిక దాకా

లిబ్రెఆఫీస్ కాల్క్‌లో జాబితా రాయండి. ముక్క పేరు, నరం (చెక్క పోగుల దిశ) వెంట పొడవు, వెడల్పు, ఎన్ని కావాలి, మందం, తిప్పవచ్చా లేదా: ఈ ఆరు గడులు చాలు. అన్నీ ఎంఎంలోనే. అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కలో కొలతలు తెచ్చిన మేస్త్రీ ఉంటే ముందే మార్చేయండి. అంగుళానికి 25.4, ఎనిమిదో వంతుకు 3.175. ఒకే జాబితాలో రెండు రకాల కొలతలు ఉంటే ఏదో ఒక ముక్క తప్పక పాడవుతుంది.

రాయాల్సింది కోత కొలత, తయారైన కొలత కాదు. ముందు అంచుకు 2 ఎంఎం ఎడ్జ్ బ్యాండ్ అంటిస్తారనుకుంటే, 560 లోతు పలకను 558 అని రాయాలి. మందం మారిన ప్రతిసారీ జాబితా విడగొట్టాలి. 18 ఎంఎం ముక్కలూ 6 ఎంఎం వెనక పలకలూ ఒకే జాబితాలో ఉంటే సాఫ్ట్‌వేర్ వాటిని ఒకే షీటులో సర్దేస్తుంది.

సులువైన దారి కట్‌లిస్ట్ ఆప్టిమైజర్ అనే వెబ్ పరికరం. ఫైర్‌ఫాక్స్‌లో నడుస్తుంది కాబట్టి లినక్స్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. రంపం మందం, నరం దిశ అడుగుతుంది. రెండూ తప్పక నింపండి. చాలామంది సిఫారసు చేసే ఓపెన్‌కట్‌లిస్ట్ మంచిదే కానీ అది స్కెచ్‌అప్ లోపల నడిచే ఎక్స్‌టెన్షన్. డెస్క్‌టాప్ స్కెచ్‌అప్‌కు లినక్స్ రూపం లేదు, కాబట్టి దాన్ని పక్కన పెట్టండి.

పైథాన్ కొద్దిగా వచ్చినవాళ్లకు రెక్ట్‌ప్యాక్ అనే లైబ్రరీ ఉంది. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌తో నేరుగా ఇన్‌స్టాల్ చేయబోతే సిస్టమ్ ఒప్పుకోదు, ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారుచేసి అందులో వేయాలి. రెక్ట్‌ప్యాక్‌తో మూడు చోట్ల జాగ్రత్త. మొదటిది, దానికి రంపం మందం తెలియదు. ప్రతి ముక్క పొడవుకూ వెడల్పుకూ 3 ఎంఎం కలపండి, షీటు పొడవుకూ వెడల్పుకూ కూడా అదే 3 కలపండి. షీటుకు కలపడం మరిచిపోతే చివరి ముక్క తర్వాత అక్కర్లేని కోతకు కూడా చోటు వదిలేస్తుంది, పట్టాల్సిన ముక్క పట్టదంటుంది. రెండోది, మీరు చెప్పకపోతే అది మ్యాక్స్‌రెక్ట్స్ పద్ధతి వాడుతుంది, అది గిలటిన్ కాదు. గిలటిన్ పేరుతో ఉన్న పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవాలి. మూడోది, తిప్పడం ముందే ఆన్ అయి ఉంటుంది, మైకా డిజైన్ ఉన్న షీటుకు దాన్ని ఆపేయాలి.

ఇంకా గట్టి పరికరం ప్యాకింగ్‌సాల్వర్. సీ++లో రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్, సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవాలి, ముక్కల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా ఇవ్వాలి. రంపం మందం, అంచు కోత, ఎన్ని దశల్లో కోయాలి అన్నవి విడివిడిగా చెప్పవచ్చు. మూడు దశలు అంటే ముందు నిలువు పట్టీలు, తర్వాత అడ్డ కోతలు, ఆపైన మళ్లీ నిలువు. రంపం దగ్గర మనుషులు నిజంగా కోసే తీరు ఇదే. షీటులో పాడైన చోట్లను గుర్తుపెట్టి వాటిని తప్పించమనీ చెప్పవచ్చు. బేతంచెర్ల బండల మీద, కడప నల్లబండ మీద, తాడిపత్రిలో కోసే గ్రానైటు మీద చీలికలు, మచ్చలు ఉంటాయి కాబట్టి బండల పనివాళ్లకు ఈ ఒక్క సౌకర్యం కోసమైనా దాన్ని కంపైల్ చేసుకునే శ్రమ పడవచ్చు.

ఏ పరికరం వాడినా జవాబును ఒక్కసారి చేత్తో సరిచూడండి. 720 × 560 పక్క పలకలు, పూర్తి షీటు, 3 ఎంఎం రంపం అనుకోండి. పొడవులో మూడు 720లు, రెండు కోతలు: 2166. వెడల్పులో రెండు 560లు, ఒక కోత: 1123. మొత్తం ఆరు పలకలు, షీటు విస్తీర్ణంలో సుమారు 81 శాతం. పలకలను తిప్పి వేస్తే నాలుగే వస్తాయి. ఆరు పలకలు తీశాక చివర 271 ఎంఎం పట్టీ మిగులుతుంది. అందులో 1220 పొడవున్న 100 ఎంఎం స్కర్టింగ్ ముక్కలు రెండు వస్తాయి. పక్కన మిగిలేది 94 ఎంఎం, 100 ఎంఎం ముక్కకు చాలదు. కాబట్టి స్కర్టింగ్‌ను ఇదే జాబితాలో చేర్చి సర్దించాలి, విడిగా ఇంకో షీటు లెక్క వేయకూడదు. సాఫ్ట్‌వేర్ ఆరు కంటే తక్కువ చూపిస్తే నరం దిశ తారుమారుగా పడిందేమో చూడండి.

వంకర ముక్కలు: డీప్‌నెస్ట్, ఎస్‌వీజీనెస్ట్

ఎస్‌వీజీనెస్ట్ బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్. దాన్ని పెంచి డెస్క్‌టాప్ అప్లికేషన్‌గా చేసిందే డీప్‌నెస్ట్. పాత డీప్‌నెస్ట్ ఆగిపోయాక డీప్‌నెస్ట్-నెక్స్ట్ పేరుతో వేరేవాళ్లు కొనసాగిస్తున్నారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాన్నే తీసుకోండి. గిట్‌హబ్ విడుదలల పేజీ నుంచి లినక్స్ ప్యాకేజీ దింపుకుంటే చాలు.

ఉబుంటు 24.04లో నడపబోతే కిటికీ తెరుచుకోకుండా టెర్మినల్‌లో శాండ్‌బాక్స్ గురించి ఎర్రర్ వచ్చి ఆగిపోవచ్చు. ఎలక్ట్రాన్‌తో చేసిన చాలా ప్రోగ్రాములకు ఈ ఇబ్బంది ఉంది, ఆ విడుదలలో యాప్‌ఆర్మర్ అనే భద్రతా వ్యవస్థ నియమాలు బిగించడమే కారణం. ప్రోగ్రామ్ పేరు తర్వాత నో-శాండ్‌బాక్స్ ఎంపిక ఇచ్చి నడపండి. ఏ పరికరమైనా యాప్‌ఇమేజ్ రూపంలో దొరికి తెరుచుకోకపోతే లిబ్‌ఫ్యూజ్2 ప్యాకేజీ లేదేమో చూడండి. ఉబుంటు 22.04 నుంచి అది ముందే వేసి రాదు.

ఇక డ్రాయింగ్. నెస్టింగ్ బాగా రాలేదని సాఫ్ట్‌వేర్‌ను నిందించే చాలాచోట్ల తప్పు డ్రాయింగ్‌లోనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

క్యాడ్ నుంచి వచ్చిన డీఎక్స్‌ఎఫ్ ఫైలును ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లో తెరవండి. డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో కొలతను ఎంఎంకు మార్చండి. అన్నీ ఎంచుకుని అక్షరాలను, ఆకారాలను ఆబ్జెక్ట్ టు పాత్‌తో పాత్‌లుగా చేయండి. తర్వాత ప్రతి ముక్క చుట్టుగీత మూసి ఉందా చూడాలి. క్యాడ్‌లో గీసిన దీర్ఘచతురస్రం తరచూ నాలుగు విడి గీతలుగా వస్తుంది. అలా ఉంటే గీతలు ఎంచుకుని కంబైన్ చేసి, చివరి బిందువులను కలిపేయండి. డీప్‌నెస్ట్‌లో ఎండ్‌పాయింట్ టాలరెన్స్ అనే గడి ఉంది, చిన్న ఖాళీలను అదే పూడుస్తుంది. కానీ ఆ అంకె పెంచుకుంటూ పోతే దగ్గరదగ్గరగా ఉన్న రెండు వేరే గీతలను కూడా కలిపేస్తుంది.

ఫొటో నుంచి ట్రేస్ చేసిన డిజైన్లలో వేల బిందువులు ఉంటాయి. కంప్యూటర్ ఫ్యాను హోరెత్తుతూ గంటసేపు మొదటి అమరిక కూడా రాలేదంటే కారణం అదే. పాత్ మెనూలో సింప్లిఫై ఒకటి రెండుసార్లు కొట్టి, ఆకారం చెడలేదని చూసుకోండి.

తెలుగు నేమ్‌బోర్డులు కోసేవాళ్లకు ఇంకో జాగ్రత్త. ప, స, ష, హ లాంటి అక్షరాలకు తలకట్టు విడిగా ఉంటుంది, ఒత్తులు చాలా ఫాంట్లలో అక్షరానికి అంటవు. నెస్టింగ్ సాఫ్ట్‌వేర్‌కు మూసిన ప్రతి చుట్టుగీతా ఒక ముక్కే. కాబట్టి తలకట్లన్నీ ఒక మూలకూ ఒత్తులన్నీ ఇంకో మూలకూ చెదిరిపోతాయి. కోసిన తర్వాత ఏ తలకట్టు ఏ అక్షరానిదో ఏరుకోవాలి. సర్దడానికి ముందే అక్షరానికీ తలకట్టుకూ మధ్య సన్నని వంతెన గీసి యూనియన్ చేసి ఒకే ముక్క చేయండి. అక్షరాన్ని షీటులో చిల్లుగా కోసే స్టెన్సిల్ పనిలోనూ వంతెన కావాలి. లేకపోతే సున్న మధ్యలో ఉండాల్సిన రేకు రాలిపడి, అక్కడ ఉత్త గుండ్రని చిల్లు మిగులుతుంది.

వంద ఎంఎం చతురస్రం పరీక్ష

ప్రతి ఫైలులో ఒక మూల 100 × 100 ఎంఎం చతురస్రం పెట్టండి. ఇంక్‌స్కేప్ 0.92 నుంచి అంగుళానికి 96 యూనిట్లు లెక్క. అంతకుముందు 90. డీప్‌నెస్ట్ ముందే 72 అనుకుంటుంది. సెట్టింగ్స్‌లో ఎస్‌వీజీ స్కేలును 96కు మార్చకపోతే మీ 100 ఎంఎం దాని కంటికి 133.3 ఎంఎం.

ఈ తప్పు మామూలుగా బయటపడదు. షీటు, ముక్కలు ఒకే ఫైలులోంచి వస్తాయి కాబట్టి రెండూ అదే నిష్పత్తిలో పెరుగుతాయి, అమరిక సరిగ్గానే కనిపిస్తుంది. చెడేది మీరు ఎంఎంలో ఇచ్చిన ఎడం. 8 ఎంఎం అని ఇస్తే నిజంగా వచ్చేది 6. రౌటర్‌లో 6 ఎంఎం బిట్టు ఉంటే పక్క ముక్క అంచును తాకుతూ పోతుంది. ఎగుమతి చేసిన ఫైలులో చతురస్రాన్ని కొలిచినప్పుడు 133.3 వస్తే స్కేలు 72లో ఉంది. 93.75 వస్తే ఎక్కడో పాత 90 యూనిట్ల ఫైలు కలిసింది. 2540 వస్తే ఎంఎంను అంగుళాలుగా చదివింది.

సెట్టింగులు, నడపడం

షీటును కూడా ఒక దీర్ఘచతురస్రంగా గీసి అదే ఫైలులో పెట్టండి. డీప్‌నెస్ట్‌లో ఫైలు తెచ్చాక ఎడమవైపు జాబితాలో దాని ఎదురుగా షీటు అని టిక్కు పెట్టాలి. మిగతా వాటికి ఎన్నెన్ని కావాలో అంకెలు వేయాలి.

ముక్కల మధ్య ఎడం మిషన్‌ను బట్టి ఉంటుంది. రౌటర్‌కు బిట్టు వ్యాసం కంటే కనీసం 2 ఎంఎం ఎక్కువ, అంటే 6 ఎంఎం బిట్టుకు 8. పలుచని రేకు మీద లేజర్‌కు 2 నుంచి 3 ఎంఎం. ప్లాస్మాకు 8 ఎంఎం కంటే తగ్గకండి, మందం పెరిగితే ఇంకా పెంచాలి. మొదట చిల్లు పొడిచే చోటు, అక్కడి నుంచి గీతలోకి వచ్చే దారి ముక్క బయటే ఉండాలి, లోహం ఎగజిమ్మే గుంట పక్క ముక్కలోకి పోకూడదు. కోతలో పోయే మందానికి సర్దుబాటు ఇక్కడ చేయవద్దు. ముక్క కొలత మార్చకుండా ఎడం మాత్రమే ఇవ్వండి, ఆ సర్దుబాటు తర్వాత వచ్చే క్యామ్ (డ్రాయింగ్‌ను మిషన్ ఆదేశాలుగా మార్చే) సాఫ్ట్‌వేర్ చేస్తుంది. రెండుచోట్లా చేస్తే ముక్క పెద్దదైపోయి బిగింపుల్లో కూర్చోదు.

పార్ట్ రొటేషన్స్ మామూలుగా 4, అంటే తొంభై డిగ్రీల చొప్పున తిప్పుతుంది. నరం ఉన్న ప్లైవుడ్‌కూ గీతలు పెట్టిన స్టీలుకూ 2 చేయండి, తలకిందులుగా తిప్పడం మాత్రమే జరుగుతుంది. పువ్వుల డిజైన్ లాంటి తలకిందులు కాకూడని వాటికి 1. ఈ అంకె అన్ని ముక్కలకూ కలిపి ఒక్కటే, కాబట్టి తిప్పగలిగే ముక్కలనూ తిప్పలేని వాటినీ రెండు విడతలుగా సర్దాలి.

ఆప్టిమైజేషన్ టైప్‌లో గ్రావిటీ ముక్కలను ఒక పక్కకు తోస్తుంది, షీటు రెండో చివర తిన్నని పట్టీ మిగులుతుంది. షాపులో రేపటి పనికి పనికొచ్చేది అలాంటి పట్టీయే, అందుకే మా సలహా ఎప్పుడూ ఇదే. ఒకే వరస గీతను రెండు ముక్కలకు పంచే మెర్జ్ కామన్ లైన్స్ లేజర్‌కు మాత్రమే, అదీ ఎడం సున్నా ఉంచినప్పుడే. ప్లాస్మాకు వద్దు, కోత ఎంత వెడల్పుంటే ప్రతి ముక్కా ఆ అంచులో అందులో సగం కోల్పోతుంది.

స్టార్ట్ కొట్టాక అది తనంతట తాను ఆగదు. తరతరాలుగా అమరికలను మారుస్తూ మంచిదాన్ని ఉంచుకుంటూ పోయే పద్ధతి అది. మొదటి కొద్ది నిమిషాల్లో వేగంగా మెరుగవుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. పది, ఇరవై నిమిషాలు కొత్తగా ఏమీ రాకపోతే మీరే ఆపి ఎగుమతి చేసుకోండి.

కస్టమర్ డిజైన్లు బయటికి పోకూడదనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. డీప్‌నెస్ట్ డీఎక్స్‌ఎఫ్ ఫైళ్లను ఇంటర్నెట్‌లోని ఒక కన్వర్టర్‌కు పంపి మారుస్తుంది. ఇంక్‌స్కేప్‌లోనే ఎస్‌వీజీగా మార్చి ఇస్తే, సర్దిన అమరికనూ ఎస్‌వీజీగానే తీసుకుంటే ఏదీ బయటికి పోదు, నెట్ లేకపోయినా పని నడుస్తుంది.

మిగులు ముక్క, వంకర బండ, చీలిక

షీటు దీర్ఘచతురస్రమే కానక్కర్లేదు. పాత పని తర్వాత మిగిలిన ఎల్ ఆకారం ప్లేటునైనా, ఓరలు విరిగిన బండనైనా చుట్టుగీత గీసి షీటు అని టిక్కు పెడితే దాంట్లోనే సర్దుతుంది. బండ పక్కన స్టీలు స్కేలు పెట్టి సరిగ్గా పైనుంచి ఫొటో తీసి, ఇంక్‌స్కేప్‌లో స్కేలుకు తగ్గట్టు పెంచి, పెన్ టూల్‌తో గీయండి. ఫొటో అంచుల్లో కొలత సాగుతుంది, కాబట్టి గీతను అన్ని వైపులా 5 ఎంఎం లోపలికి తీసుకోండి.

మధ్యలో చీలిక ఉంటే షీటు చుట్టుగీతను దగ్గరి అంచు నుంచి సన్నని కాలువలా లోపలికి తీసుకెళ్లి, చీలిక చుట్టూ తిప్పి వెనక్కి తెండి. ఏ ముక్కా ఆ కాలువను దాటి కూర్చోలేదు. కాలువ మేర కొంత సరుకు పోతుంది నిజమే, కోసిన బండ పాలిష్ దగ్గర రెండుగా విరగడం కంటే నయం.

బట్ట, రోల్ సరుకు

రాయదుర్గం జీన్స్ యూనిట్ల లాంటి చోట్ల ప్యాటర్న్ గీయడానికి సీమ్లీ2డీ, వాలెంటీనా రెండూ లినక్స్‌లో నడుస్తాయి, ముక్కలను పరిచే లేఅవుట్ భాగం వాటిలోనే ఉంది. అంతకన్నా బిగువుగా కావాలంటే స్పారో ఉంది. రస్ట్ భాషలో రాసింది, వెడల్పు స్థిరంగా ఉంచి పొడవు తగ్గించడమే దాని పని. కాకపోతే కిటికీలు, మెనూలు లేవు, ముక్కలను జేసన్ ఫైలుగా ఇవ్వాలి.

తక్కిన పేర్లు

ఫ్రీక్యాడ్ బిమ్ వర్క్‌బెంచ్‌లో నెస్ట్ కమాండ్ ఉంది, కొన్ని ముక్కలకు పర్వాలేదు, ఎక్కువైతే చాలా నెమ్మది. ఫ్రీక్యాడ్‌ను షీట్‌మెటల్ వర్క్‌బెంచ్‌తో వంచిన రేకును విప్పి చదును రూపం తీయడానికి వాడండి, సర్దడం డీప్‌నెస్ట్‌కు వదిలేయండి. డబ్బు పెట్టగలిగితే క్యూక్యాడ్/క్యామ్‌కు నెస్టింగ్ భాగం ఉంది, లినక్స్‌లో నేరుగా నడుస్తుంది. విండోస్ ప్యాకేజీని, విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్‌లో నడపాలనుకుంటే ముందు దాని లైసెన్సు ఎలా ఉందో చూడండి. యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చేవి సాధారణంగా అక్కడ మొరాయిస్తాయి.

సర్దాక, కోయకముందు

అమరిక ఫైలును మళ్లీ ఇంక్‌స్కేప్‌లో తెరిచి వంద ఎంఎం చతురస్రం కొలవండి, ముక్కల లెక్క జాబితాతో పోల్చండి. షీటు చుట్టుగీతను తీసేయండి. మరిచిపోతే మిషన్ షీటు అంచు వెంట, క్లాంపుల మీదుగా కోస్తూ పోతుంది.

క్యామ్‌లో క్రమం ముఖ్యం: ముక్క లోపలి చిల్లులు ముందు, బయటి గీత తర్వాత. బయటిది ముందు కోస్తే ముక్క కదిలిపోయి చిల్లులు పక్కకు పడతాయి. ప్లాస్మాలో వరసగా పక్కపక్క ముక్కలు కోస్తే వేడి ఒకేచోట చేరి రేకు లేచి టార్చికి తగులుతుంది, దూరదూరంగా దూకుతూ కోసేలా క్రమం మార్చండి. చిన్న ముక్కలు కింది బద్దల మధ్య ఒరిగి తల పైకెత్తుతాయి. అలాంటి వాటికి లేజర్‌లో అర ఎంఎం లోపు అతుకు ఒకటో రెండో వదలండి, తర్వాత చేత్తో విరిచేయవచ్చు.

కోత అయ్యాక మిగిలిన పట్టీని తుక్కులో పడేయకముందే కొలిచి, దాని చుట్టుగీతను ఒక ఎస్‌వీజీగా దాచి, ఆ ఫైలు నంబరునే ముక్క మీద సుద్దతో, మందంతో సహా రాసి పెట్టండి. తర్వాతి పని వచ్చినప్పుడు డీప్‌నెస్ట్‌లో కొత్త షీటు కంటే ముందు ఆ ఫైలు తెరవండి.